ఆటల వార్తలు, వికీపీడియా పేజీలు: ఎంతవరకు నమ్మవచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటల డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు తీరిక దొరికినప్పుడల్లా తెలుగు వికీపీడియాలో క్రీడాకారుల పేజీలు దిద్దుతూ ఉంటాను. పత్రికలవాళ్లు వికీని, వికీవాళ్లు పత్రికలను వెక్కిరించడం దగ్గర కూర్చుని విన్నవాణ్ణి. పెళ్లిళ్లలో, రైళ్లలో, ఫోన్లలో జనం నన్ను అడిగే ప్రశ్నలే ఇవి. వరుస మాత్రం నాకు తోచినట్టు పెట్టాను.

పేపర్లో అచ్చయింది కదా, ఇంకా అనుమానం ఎందుకు?

అచ్చయిందంటే ఎవరో ఒకరు రాశారని మాత్రమే అర్థం. ఎవరైనా చూసి రాశారా అన్నది వేరే సంగతి. ఆటల పేజీలో విలేకరి మైదానంలో కూర్చుని చూసి రాసిన వార్త ఉంటుంది. దాని పక్కనే వార్తా సంస్థ ఇంగ్లిష్‌లో పంపితే డెస్కులో తెలుగు చేసిన వార్త ఉంటుంది. కింద ఎవరో ఆటగాడు సామాజిక మాధ్యమంలో పెట్టిన రెండు ముక్కలను పదిహేను వాక్యాలుగా సాగదీసినది ఉంటుంది. మూలన ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ ఉంటుంది. నాలుగూ ఒకే అక్షరాల్లో, ఒకే సిరాతో వస్తాయి కాబట్టి పాఠకుడు నాలుగింటికీ ఒకే విలువ కడతాడు. కట్టకూడదు.

వార్త మొదట్లో ఊరి పేరు, విలేకరి పేరు ఉన్నాయేమో చూడండి. ఊరి పేరు మ్యాచ్ జరిగిన ఊరిదేనా అన్నది కూడా చూడండి. ఈ చిన్న అలవాటుతో సగం చిక్కు వీడుతుంది.

ఆటల పేజీలో తప్పు ఎక్కడ పుడుతుంది?

ఎక్కువగా గడియారం దగ్గర. రాత్రి మ్యాచ్ పదకొండున్నరకు ముగుస్తుంది, దూరపు జిల్లాల పేజీ అంతకు ముందే అచ్చుకు వెళ్లిపోవాలి. అందుకని డెస్కులో గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి చొప్పున రెండు ఆరంభాలు ముందే రాసి పెట్టుకుంటారు. ఒకసారి నేను హడావిడిలో ఓడిన జట్టుకు గెలుపు ఆరంభం పంపేశాను. శీర్షికలో ఓటమి, మొదటి పేరాలో విజయం. ఆ పేజీ ఒక జిల్లాకు వెళ్లింది. మర్నాడు ఫోన్లు వస్తాయని భయపడుతూ కూర్చుంటే ఒక్క ఫోనూ రాలేదు. అది ఊరట అనుకోవాలో, ఎవరూ చదవడం లేదని బాధపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

రెండో చోటు అనువాదం. ‘డక్’ (సున్నాకు ఔట్) అంటే బాతు, ‘మెయిడెన్ ఓవర్’ (పరుగివ్వని ఓవర్) అంటే కన్య ఓవర్ అని యంత్రం చేసిచ్చిన వాక్యాలు నవ్వించి పోతాయి, వాటితో ప్రమాదం లేదు. ప్రమాదమంతా సాఫీగా చదువుకుపోయే తప్పులతోనే. మిలియన్లను కోట్లలోకి మార్చేటప్పుడు ఒక సున్నా జారిపోతుంది. ‘ఆడకపోవచ్చు’ అన్నది శీర్షికకు చోటు చాలక ‘ఔట్’ అవుతుంది. పేర్ల సంగతి సరేసరి. ఒకే సెర్బియా టెన్నిస్ ఆటగాడు మన పత్రికల్లో జొకోవిచ్, జోకోవిచ్, జకోవిచ్ అని ముగ్గురుగా తిరుగుతుంటాడు.

వికీపీడియాను ఎవరైనా దిద్దవచ్చు కదా, మరి దాన్ని ఎలా నమ్మాలి?

ఎవరైనా దిద్దవచ్చు, నిజమే. ఎవరైనా ఆ దిద్దుబాటును చెరిపేయవచ్చు కూడా. 2022 సెప్టెంబరు 4న దుబాయ్‌లో ఆసియా కప్ మ్యాచ్. పాకిస్తాన్ బ్యాటర్ ఆసిఫ్ అలీ ఇచ్చిన క్యాచ్‌ను అర్ష్‌దీప్ సింగ్ వదిలేశాడు, భారత్ ఓడింది. కాసేపటికే అతని వికీపీడియా పేజీలో ఎవరో ఖలిస్తాన్‌ను (కొందరు వేర్పాటువాదులు కోరే సిక్కు దేశం) ఇరికించారు. కొద్ది నిమిషాల్లోనే వికీ సభ్యులు దాన్ని తీసేసి పేజీకి తాళం వేశారు. కానీ ఆ కొద్ది నిమిషాల్లో తీసిన స్క్రీన్‌షాట్లు దేశమంతా తిరిగాయి, కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖ వికీపీడియా ప్రతినిధులను పిలిపించి వివరణ అడిగేదాకా వెళ్లింది.

ఈ ఉదంతంలో జనం గమనించనిది ఒకటుంది. ఆ రాతను వికీపీడియాలో చూసినవాళ్లు కొద్దిమంది. ఆ రాత గురించి వచ్చిన వార్తల్లో, వాట్సాప్ బొమ్మల్లో చూసినవాళ్లు కోట్లమంది. చెత్త పుట్టింది వికీలో అయినా, ఇల్లిల్లూ తిప్పిన బండి వేరు.

పెద్ద మ్యాచ్ జరిగిన రాత్రి, అవార్డు ప్రకటించిన రోజు, ఎవరైనా చనిపోయారని వార్త వచ్చిన గంటలో వికీపీడియాను నమ్మవద్దు. వారం ఆగి చూస్తే అదే పేజీ చాలా వార్తల కన్నా నయంగా ఉంటుంది.

వికీపీడియా ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాతో సమానమని ఒక పరిశోధన తేల్చిందట కదా?

2005లో ‘నేచర్’ పత్రిక చేసిన పోలిక అది. 42 వ్యాసాలు తీసుకుంటే వికీపీడియాలో 162, బ్రిటానికాలో 123 తప్పులో, లోపాలో కనిపించాయి. ఆ 42 వ్యాసాలూ విజ్ఞాన శాస్త్రానివి. మూడో డివిజన్ ఫుట్‌బాల్ క్లబ్బు పేజీకి ఆ పరిశోధనను అడ్డం పెట్టుకోవడం, డాక్టరుగారి పట్టా చూపించి ఆయన బావమరిది చేత ఆపరేషన్ చేయించుకోవడం లాంటిది.

పత్రిక వికీని చూసి రాస్తే, వికీ ఆ పత్రికనే ఆధారంగా చూపిస్తే?

అసలు జబ్బు ఇదే. 2008 సెప్టెంబరులో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు మాంచెస్టర్ సిటీ, ఐరోపా క్లబ్బుల పోటీ అయిన యుయెఫా కప్‌లో సైప్రస్ క్లబ్బు ఒమోనియా నికోసియాతో ఆడాల్సి వచ్చింది. ఒమోనియా గురించి ఇంగ్లండ్‌లో ఎవరికీ పెద్దగా తెలియదు. మ్యాచ్‌కు ముందు ఆకతాయిలు ఆ క్లబ్బు వికీపీడియా పేజీలో ఒక వాక్యం చేర్చారు. అభిమానుల్లో ఒక చిన్న గుంపు ఉందట, పారేసిన చెప్పులతో చేసిన టోపీలు పెట్టుకుంటారట, చిన్న బంగాళదుంప మీద ఒక పాట పాడతారట. లండన్ పత్రిక ‘డైలీ మిర్రర్’ తన మ్యాచ్ కథనంలో ఆ టోపీలను, ఆ పాటను అచ్చువేసింది.

ఇక్కడి నుంచి జరిగేదే తమాషా. వికీపీడియా నియమం ప్రకారం ప్రతి వాక్యానికీ నమ్మదగిన మూలం చూపాలి. ఇప్పుడు ఆ బంగాళదుంప పాటకు ఒక జాతీయ దినపత్రిక మూలంగా దొరికింది! అబద్ధం వికీలో పుట్టి, పత్రికలోకి వెళ్లి స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని తిరిగి వికీలోకి వస్తుంది. అమెరికన్ కార్టూనిస్టు రాండల్ మన్రో 2011లో ఈ చక్రాన్ని బొమ్మ గీసి, దానికి ‘సైటోజెనెసిస్’ అని పేరుపెట్టాడు. మన ఊళ్లో ఇంత పేరు అక్కర్లేదు. ‘నువ్వు చెప్పావని నేను, నేను చెప్పానని నువ్వు’ అంటే సరిపోతుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. వికీ పేజీ పైన ‘చరిత్ర’ అనే మీట ఉంటుంది. అనుమానం వచ్చిన వాక్యం ఏ తేదీన చేరిందో అక్కడ తెలుస్తుంది. దాని కింద మూలంగా చూపిన వార్త తేదీ అంతకన్నా తరువాతిదైతే, పిల్ల పుట్టాక తల్లి పుట్టినట్టే.

అసలు లేని ఆటగాడు పేపర్లోకి ఎక్కగలడా?

ఎక్కగలడు, ముప్ఫయ్యో ర్యాంకు కూడా తెచ్చుకోగలడు. 2009 జనవరిలో లండన్ ‘టైమ్స్’ రాబోయే కాలపు 50 మంది మేటి ఫుట్‌బాలర్ల జాబితా వేసింది. అందులో 30వ స్థానంలో మాసల్ బుగ్దువ్ అనే పదహారేళ్ల మోల్డోవా కుర్రాడు ఉన్నాడు. పెద్ద పెద్ద క్లబ్బులు అతని వెంట పడుతున్నాయని ప్రచారం. ఆ కుర్రాడు ఈ భూమ్మీద లేడు. వార్తా సంస్థ రాసినట్టు కనిపించే నకిలీ వార్తలు చర్చా వేదికల్లో అతికించి, వికీపీడియాలో పేరు జొప్పించి ఎవరో పుట్టించిన మనిషి. ఆ పేరు పలికితే ఐరిష్ భాషలో ‘నా చిన్న నల్ల గాడిద’ అన్నట్టు వినిపిస్తుంది. ఆ భాషలో ఆ పేరుతో పేరున్న కథ ఒకటి ఉంది, అందులో గాడిదను అసలు విలువకు మించి గొప్పగా చెప్పి కొనేవాడికి అంటగడతారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పైగా ఆ సోమలింగానికి బదిలీ రుసుము!

ఇదంతా ఇంటర్నెట్ తెచ్చిన చేటు అనుకోవద్దు. 1941లో అమెరికాలో ఒక షేర్ల దళారీ ప్లెయిన్‌ఫీల్డ్ టీచర్స్ కాలేజీ అనే లేని కాలేజీకి లేని ఫుట్‌బాల్ జట్టును సృష్టించి, వారం వారం పత్రికలకు ఫోను చేసి స్కోర్లు చెప్పేవాడు. ‘న్యూయార్క్ టైమ్స్’ వాటిని అచ్చువేసింది. గుట్టు బయటపడేదాకా ఆ జట్టు ఓటమి ఎరగదు. 1974లో బఫెలో సేబర్స్ ఐస్ హాకీ జట్టు మేనేజరు, ఆటగాళ్ల ఎంపిక సుదీర్ఘంగా సాగుతుంటే విసుగెత్తి, టారో సుజిమోటో అనే లేని జపాన్ ఆటగాణ్ణి ఎంచుకున్నాడు. లీగు ఆ పేరును అధికారికంగా నమోదు చేసుకుంది.

ఒక ఆటగాడు సరే, టోర్నమెంటు మొత్తం అబద్ధం కాగలదా?

ఆ ఘనత మనకే దక్కింది. 2020 జూన్ 29న శ్రీలంకలోని బదుళ్లలో ‘ఊవా టీ20 లీగ్’ అంటూ ఇంటర్నెట్‌లో ప్రసారమైన మ్యాచ్, నిజానికి పంజాబ్‌లో మొహాలీ దగ్గరి సవారా అనే పల్లెలో జరిగింది. 2022 జులైలో గుజరాత్‌లో మెహసానా జిల్లా మొలిపూర్‌లో పోలీసులు ఛేదించినది ఇంకా ఘనం. పొలం చదునుచేసి, 21 మంది కూలీలకు మ్యాచ్‌కు 400 రూపాయల చొప్పున ఇచ్చి, ఐపీఎల్ జట్ల రంగుల చొక్కాలు తొడిగారు. వ్యాఖ్యాత హర్షా భోగ్లే గొంతును అనుకరించేవాణ్ణి పెట్టి యూట్యూబ్‌లో ప్రసారం చేశారు. పందాలు కాసింది రష్యాలో. కెమెరా మైదానం మొత్తాన్ని ఎప్పుడూ చూపించేది కాదు, ప్రేక్షకుల కేకలు ఇంటర్నెట్ నుంచి దించుకున్నవి. ఆట క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చింది.

పందెం డబ్బు తిరిగే చోట చిన్న టోర్నమెంటు స్కోరుకార్డును చూస్తే ముందు అడగాల్సింది ఎవరు గెలిచారని కాదు, మైదానం ఎక్కడుందని.

బూట్లు లేవని ఫిఫా మనల్ని ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఆడనివ్వలేదా?

నాకు వచ్చే ప్రశ్నల్లో దీనిదే అగ్రస్థానం. ఈ కథను చిన్నప్పుడు మా వ్యాయామ ఉపాధ్యాయుడు చెప్పగా విన్నాను, పెద్దయ్యాక నేనే ఒక అనుబంధంలో రాశాను కూడా. ఇప్పుడు చెంపలేసుకుంటున్నాను.

జరిగినదిది. 1950 బ్రెజిల్ ప్రపంచకప్‌కు అర్హత పోటీల్లో మన గుంపులోని బర్మా, ఇండొనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ ఆడకుండానే భారత్‌కు చోటు దొరికింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో ఒకే గ్రూపులో వేశారు. తరువాత మన సమాఖ్య జట్టును పంపలేమని చెప్పేసింది. చెప్పిన కారణాలు ప్రయాణం, సాధనకు సమయం లేకపోవడం, జట్టు ఎంపికలో తగాదాలు. వీటి వెనుక అసలు సంగతి, ఆ రోజుల్లో మనవాళ్ల దృష్టిలో ఒలింపిక్సే గొప్ప, ప్రపంచకప్ అంటే ఏమిటో పెద్దగా పట్టలేదు. ఆనాటి కెప్టెన్ శైలేన్ మన్నా ఎన్నో ఏళ్ల తరువాత, బూట్ల సంగతి సమాఖ్య తన నిర్ణయాన్ని కప్పిపుచ్చుకోవడానికి వాడుకున్న సాకని అమెరికా పత్రిక ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’కు చెప్పారు.

మన్నా మాట నమ్మనక్కర్లేదు, క్యాలెండర్ చూస్తే చాలు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 1-2తో ఓడారు. ఆ కోపంతోనే ఫిఫా నిషేధం పెట్టిందని కథ. అలాగైతే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మళ్లీ వట్టి కాళ్లతో ఎలా దిగారు? దిగారు, చలిలో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయ్యారు. బూట్లు తప్పనిసరి అని మన సమాఖ్య పట్టుబట్టింది ఆ తరువాతే. అంటే బూట్ల నియమం నిజమే, కాకపోతే అది వచ్చింది ప్రపంచకప్ తరువాత, పెట్టుకున్నది మనమే. కథలో ముక్కలన్నీ నిజాలే, వరుసే తారుమారైంది. ఇలాంటివి చావవు, ఎందుకంటే ఏ ముక్క పట్టుకుని తట్టినా గట్టిగానే మోగుతుంది.

నాకు కడుపుమంట వేరే ఉంది. 1950 నుంచి మన జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలో వచ్చినవే. వట్టి కాళ్ల కథ చెప్పే పదిమందిని రహీమ్ ఎవరని అడగండి. తొమ్మిది మంది నోరు తెరవరు. చిన్న అబద్ధం ఒకటి పెద్ద నిజం మీద కూర్చుంటే జరిగేది ఇది.

సి.కె. నాయుడు కొట్టిన సిక్సర్ ఒక కౌంటీ నుంచి ఇంకో కౌంటీలో పడిందంటారు, నిజమేనా?

తెలుగువాళ్లం కాబట్టి దీని మీద మమకారం ఎక్కువ. 1932 ఇంగ్లండ్ పర్యటనలో బర్మింగ్‌హామ్‌లోని ఎడ్జ్‌బాస్టన్ మైదానంలో ఆయన కొట్టిన బంతి పక్కనున్న రే నదిని దాటిందని, ఆ నది వార్విక్‌షైర్, వూస్టర్‌షైర్ కౌంటీలకు (మన జిల్లాల లాంటివి) సరిహద్దు కాబట్టి బంతి కౌంటీ దాటిందని చెప్పుకుంటారు. ఆ నది ఒకప్పుడు సరిహద్దు అన్నది నిజం. అయితే అవతలి ఒడ్డు ప్రాంతాలు 1911 నాటికే బర్మింగ్‌హామ్‌లో, దానితో పాటు వార్విక్‌షైర్‌లో కలిసిపోయాయి. బంతి ఎంత దూరం వెళ్లినా 1932లో కౌంటీ మాత్రం దాటలేదు.

ఆయన గొప్పతనానికి ఈ కథ అవసరం కూడా లేదు. 1926లో బొంబాయి జింఖానాలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద 11 సిక్సర్లతో చేసిన 153 పరుగులు స్కోరుకార్డులో భద్రంగా ఉన్నాయి. లెక్క ఉన్నచోట పుక్కిటి పురాణం ఎందుకో నాకు అర్థం కాదు.

మిల్ఖా సింగ్ 80 పరుగు పందేల్లో 77 గెలిచాడన్నది?

ఆ 80 పోటీల జాబితా ఎవరూ చూపలేదు. ఇంగ్లిష్ వికీపీడియా ఈ అంకెను పట్టుకుని, ఆధారం లేనిదని తేల్చి రాసింది. పత్రికలు మాత్రం ప్రతి వర్ధంతికీ అచ్చువేస్తూనే ఉన్నాయి. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల ఫైనల్లో ఆయన పాత ఒలింపిక్ రికార్డును బద్దలు కొట్టారన్న మాట మరో రకం. ఆయన 45.6 సెకన్లలో పరుగెత్తారు, 1952 నాటి రికార్డు 45.9. కాబట్టి మాట అబద్ధం కాదు. ముందు వచ్చిన ముగ్గురూ కూడా దాన్ని దాటారని, మొదటి ఇద్దరు 44.9లో ముగించారని చెప్పకపోవడంలోనే ఉంది కిటుకు. నిజం చెబుతూ తప్పుదారి పట్టించడం ఆటల పేజీకి వెన్నతో పెట్టిన విద్య.

హాకీ మన జాతీయ క్రీడే కదా?

కాదు. 2012లో ఒక పాఠశాల విద్యార్థిని సమాచార హక్కు కింద అడిగితే, ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని క్రీడల శాఖ జవాబిచ్చింది.

పోనీ, అంకెలైనా నమ్మవచ్చా?

అంకె కచ్చితంగా ఉంటుంది, అంకె వెనుక లెక్కించే పద్ధతి అంత కచ్చితంగా ఉండదు. ఇంగ్లండ్ పాతతరం క్రికెటర్ డబ్ల్యూ.జి. గ్రేస్ ఫస్ట్‌క్లాస్ (పెద్ద స్థాయి, కొన్ని రోజులపాటు సాగే మ్యాచ్‌లు) పరుగులు 54,896 అని ఒక లెక్క, 54,211 అని ఇంకో లెక్క. శతకాలు 126 అని ఒకరు, 124 అని ఒకరు. ఎవరూ అబద్ధమాడటం లేదు. ఏయే మ్యాచ్‌లను ఫస్ట్‌క్లాస్ అనాలి అన్నదే తగాదా. జాక్ హాబ్స్ శతకాలు 197 అన్నా, 199 అన్నా ఇలాగే. పెలే 1,283 గోల్స్‌లో స్నేహపూర్వక మ్యాచ్‌ల్లో కొట్టినవీ కలిసి ఉన్నాయి. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో కలకత్తాలో పుట్టిన పరుగువీరుడు నార్మన్ ప్రిచర్డ్ గెలిచిన రెండు రజతాలను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ భారత్ ఖాతాలో వేస్తే, అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య తన గణాంకాల్లో బ్రిటన్ ఖాతాలో వేసింది. ఇలాంటి చోట మంచి వికీ పేజీ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి తేడా ఎందుకో చెబుతుంది. పత్రికకు అంత చోటుండదు, ఏదో ఒకటి ఎంచుకుంటుంది.

ఇంకో ముచ్చట. ‘గుంపు రాసింది కదా’ అని వికీని చిన్నచూపు చూసేవాళ్లు, స్కోరు కోసం క్రిక్‌ఇన్ఫో వెబ్‌సైటు తెరిచి అదే వేదమంటారు. 1993లో మొదలైనప్పుడు క్రిక్‌ఇన్ఫో కూడా గుంపు పనే. విదేశాల్లో చదువుకుంటూ స్కోరు తెలియక అల్లాడిన విద్యార్థులు, ఔత్సాహికులు జీతం లేకుండా స్కోరుకార్డులు ఎక్కించి కట్టిన ఇల్లు అది. ఒలింపిక్స్ వివరాలకు ఇవాళ అందరూ చూసే ఒలింపీడియా వెనుక కూడా ఉన్నది ఇష్టంతో లెక్కలు కూర్చిన చరిత్రకారులే. పిచ్చి ఉన్న గుంపుకూ, పని లేని గుంపుకూ చాలా తేడా ఉంది.

ఆటగాడు చనిపోయాడన్న వార్తను ఎప్పుడు నమ్మాలి?

కుటుంబం గానీ, ఆసుపత్రి గానీ, బోర్డు గానీ చెప్పాక. 2023 ఆగస్టు 23న జింబాబ్వే మాజీ కెప్టెన్ హీత్ స్ట్రీక్ మరణించాడని సహచరుడు హెన్రీ ఒలాంగా పోస్టు పెట్టాడు. పత్రికలు, చానళ్లు నివాళులు కూడా రాసేశాయి. కొన్ని గంటలకు స్ట్రీక్ తానే సందేశం పంపాడు. థర్డ్ అంపైర్ అతన్ని వెనక్కి పిలిచాడని ఒలాంగా సర్దిచెప్పాడు. స్ట్రీక్ నిజంగా కన్నుమూసింది సెప్టెంబరు 3న. చెప్పింది సొంత జట్టువాడు కదా, ఇంతకన్నా నమ్మదగిన వర్గం ఎవరు అనిపిస్తుంది. అతను కూడా చూసి చెప్పలేదు, విని చెప్పాడు.

‘విశ్వసనీయ వర్గాలు’ అంటే ఎవరు?

కొన్నిసార్లు నిజంగానే బోర్డు అధికారి. పేరు రాయవద్దని షరతు పెట్టి చెబుతాడు, చాలా గొప్ప వార్తలు అలాగే బయటికి వచ్చాయి. ఎక్కువసార్లు ఆటగాడి ఏజెంటు. తన ఆటగాడి ధర పెంచుకోవడానికి ఫలానా జట్టు ఆసక్తి చూపుతోందని ఊదుతాడు. ఇంకా ఎక్కువసార్లు పక్క పత్రిక. మా కాలంలో దీన్ని ‘భోగట్టా’ అనేవారు, ఆ మాటలో కనీసం కాస్త సిగ్గు ధ్వనించేది. ఈ వార్త వల్ల ఎవరికి లాభమో ఒక్క క్షణం ఆలోచిస్తే ఆ వర్గం ఎవరో మీకే తోస్తుంది.

తెలుగు వికీపీడియా సంగతి ఏమిటి?

2003 డిసెంబరులో మొదలైంది. నిజాయితీగా చెబుతాను, ఇంటివాణ్ణి కాబట్టి. ఆకతాయి రాతలు ఇంగ్లిష్‌లో కన్నా తక్కువ, మేం వాటిని దుశ్చర్య అంటాం. కానీ దిద్దేవాళ్లూ తక్కువే, అందుకని తప్పు పడితే చాలాకాలం ఉండిపోతుంది. ఆటల పేజీల్లో చాలావరకు ఇంగ్లిష్ నుంచి తెచ్చినవి. తెచ్చిన రోజు సరిగానే ఉంటాయి, ఆ తరువాత అక్కడే ఆగిపోతాయి. ‘ప్రస్తుతం ప్రపంచ ర్యాంకింగ్స్‌లో ఐదో స్థానంలో ఉంది’ అన్న వాక్యంలో ఆ ‘ప్రస్తుతం’ ఏ సంవత్సరందో చరిత్రలోకి వెళ్లి తవ్వితే గానీ తెలియదు. ‘ఇటీవల’, ‘తాజాగా’ కనబడితే కత్తిరించడం నాకు వ్యసనమైపోయింది.

మేం ఇంగ్లిష్ వికీ కన్నా మెరుగ్గా ఉండగల చోటూ ఒకటుంది. జిల్లాస్థాయి కబడ్డీ, ఖోఖో ఆటగాళ్లు, పాతకాలపు మల్లయోధులు, వ్యాయామ ఉపాధ్యాయులు. వీళ్ల గురించి ఉన్నదంతా తెలుగు పత్రికల పాత సంచికల్లోనే. అందుకే జిల్లా విలేకరి ఇంటిపేరు సరిగా రాశాడా లేదా అన్నది నాకు పెద్ద విషయం.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 2016 రియో ఒలింపిక్స్‌లో సింధు ఫైనల్ చేరినప్పుడు తెలుగు రాష్ట్రాల నుంచి గూగుల్‌లో జోరుగా వెతికినవాటిలో ఆమె కులం ఒకటని వార్తలు వచ్చాయి. వికీ పేజీల్లో కూడా ఆటగాడి పేరు కింద జనం ముందుగా చొప్పించాలని చూసేది అదే. ఆధారం లేకుండా పెడితే తీసేస్తాం. ఆధారం ఉన్నా, అది ఆటకు ఎలా సంబంధమో చెప్పమంటాం.

ఏ పత్రిక నమ్మదగినదో వికీపీడియా ఎలా నిర్ణయిస్తుంది?

చర్చించి. ఏళ్లపాటు. 2017లో ఇంగ్లిష్ వికీపీడియా సభ్యులు ‘డైలీ మెయిల్’ను సాధారణంగా మూలంగా వాడకూడదని తీర్మానించారు. జీతం లేని గుంపు, లక్షల ప్రతుల పత్రికను వెలి వేసింది! మరోవైపు అదే గుంపు ఒక్క ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడితే చాలు పేజీ పెట్టవచ్చని చాలాకాలం అనుకుంది. దాంతో రెండు వాక్యాల మొలక వ్యాసాలు వేలకొద్దీ లేచాయి. 2022లో ఆ నియమాన్ని బిగించారు. ఇప్పుడు ఆడటం ఒక్కటే చాలదు, అతని గురించి ఎవరో విడిగా, వివరంగా రాసి ఉండాలి.

కృత్రిమ మేధ వచ్చాక ఇదంతా మారుతుందా?

ఇంకాస్త ముదిరింది. 2023 నవంబరులో ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ వెబ్‌సైటులో కొన్ని ఉత్పత్తుల సమీక్షలు లేని రచయితల పేర్లతో వచ్చాయని, వాళ్ల ఫోటోలు కూడా యంత్రం గీసినవేనని బయటపడింది. 1941లో లేని ఆటగాళ్లు, ఇప్పుడు లేని విలేకరులు.

వికీలో తప్పు కనిపిస్తే ఏం చేయాలి?

కొట్టవద్దు, అరవవద్దు. దిద్దండి, ఏ పత్రిక, ఏ తేదీ, ఏ పేజీ చూసి దిద్దారో కింద రాయండి. సరైన మూలం దొరక్కపోతే ఆ వాక్యం పక్కన ‘ఆధారం చూపాలి’ అన్న మూస (వికీలో తయారుగా ఉండే గుర్తు) తగిలించి వదిలేయండి. చదివేవాడు అక్కడ అడుగు చూసి వేస్తాడు. గొడవ పెద్దదైతే చర్చ పేజీ ఉంది, అక్కడా తేలకపోతే రచ్చబండ ఉంది. అవును, మా సభ పేరు నిజంగా రచ్చబండే.

పత్రికలో తప్పు కనిపిస్తే సంపాదకుడికి ఉత్తరం రాయండి. వెబ్‌సైటులో చప్పుడు లేకుండా మార్చేస్తారు, అచ్చు ప్రతిలో సవరణ రావడం అదృష్టం. వికీకీ పత్రికకూ నేను చూసిన అతిపెద్ద తేడా ఇది. వికీలో తప్పు చెరిపినా, చెరిపిన గుర్తు ఉంటుంది.

నేనే క్రీడాకారుణ్ణి. నా పేజీలో పుట్టిన తేదీ తప్పు పడింది. నేనే మార్చుకోవచ్చా?

మీ పేజీని మీరు దిద్దకపోవడం మంచిది. మీ పుట్టినరోజు మీకు కాక ఇంకెవరికి తెలుస్తుంది అని అడుగుతారు. మన దేశపు ఆటల్లో ఆ ప్రశ్న అంత అమాయకం కాదు. వయసు పోటీల్లో రెండేళ్లు తగ్గించి రాయించుకున్నవాళ్లు ఎందరో. 1996 అక్టోబరు 4న నైరోబీలో శ్రీలంకపై 37 బంతుల్లో శతకం కొట్టినప్పుడు షాహిద్ అఫ్రిదీ వయసు 16 ఏళ్ల 217 రోజులని రికార్డుల్లోకెక్కింది. 2019లో తన ఆత్మకథలో అతను తాను పుట్టింది 1975లో అన్నాడు. శతకం నాటికి పంతొమ్మిదేళ్లే అని కూడా అదే చోట రాశాడు. 1975 నుంచి లెక్కేస్తే ఇరవై దాటాలి. అధికారిక పత్రం ఒకటి చెబుతుంది, ఆటగాడు ఒకటి చెబుతాడు, ఆటగాడి లెక్క ఇంకొకటి చెబుతుంది.

కాబట్టి మీ పేజీ తాలూకు చర్చ పేజీలో మీరెవరో చెప్పి, తేదీ తప్పని రాయండి. మీ సంఘం వెబ్‌సైటులోనో, ఒక పత్రిక ఇంటర్వ్యూలోనో సరైన తేదీ ఉంటే చూపించండి. ఎవరో ఒకరం చూసి మారుస్తాం. సంఘం వెబ్‌సైటులో ఒక తేదీ, ఇంటర్వ్యూలో ఒక తేదీ ఉంటే మాత్రం రెండూ రాసి, ఏది ఎక్కడిదో పక్కన పెడతాం.